ఈస్ట్ కణం పైపొర ప్రోటీన్లు లోపలికెళ్ళి ఏమవుతున్నాయో చూడటం ఎలా: డై దగ్గర్నుంచి ప్లేటు దాకా

"అక్కా డై వేశాం, కణం మొత్తం ఎర్రగా నిండిపోయింది, ఏటిది?" కణం పొరకి అంటుకుని ఎర్రగా వెలిగే డై గురించి ఈ ప్రశ్న ఈ ఏడు నాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. ఒడిశాలో బరంపురం, గుణుపురం, రాయగడ, జయపురం, అన్ని వైపుల్నుంచీ వస్తోంది, అడిగేవాళ్ళంతా ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లలే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు, ప్రోటోకాల్ ఇంగ్లీషులో చదివి చేసేస్తారు గాని ఎక్కడ తప్పిందో అడగాల్సి వచ్చేసరికి తెలుగే వస్తుంది నోటికి. నాదీ పర్లాకిమిడే, నాకూ అంతే. అందుకే ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పకుండా మొత్తం ఇక్కడ రాసేస్తున్నా, చేసే ముందు ఒకసారి చివరిదాకా చదవండి, మధ్యలో ఆపి చదువుకునే పని కాదిది, ట్యూబులు ఐస్‌లో ఉన్నప్పుడు గడియారం ఆగదు.

ముందే ఒక మాట. ఈ ప్రయోగంలో గొప్ప ఫొటో అంటే 60 నిమిషాల ఫొటో కాదు, 0 నిమిషాల ఫొటో, అంటే ఐస్‌లోంచి తీసి వేడి చెయ్యకముందుది. అది సరిగ్గా లేకపోతే తర్వాత తీసినవన్నీ ఎంత అందంగా ఉన్నా దేనికీ రుజువు కావు. నేను కింద చెప్పేదాంట్లో సగం ఆ 0 నిమిషాల్ని కాపాడుకోవడం గురించే.

తెలియాల్సింది కొంచెమే

ఈస్ట్ పైపొరలో పర్మియేజ్‌లని ప్రోటీన్లుంటాయి, ఒక్కోటి ఒక్కో రకం తిండిని లోపలికి తెస్తుంది. మిథియోనైన్‌కి మప్1, అర్జినైన్‌కి క్యాన్1, యురసిల్‌కి ఫర్4. ఆ తిండి బయట ఎక్కువైతే పర్మియేజ్ అన్ని అక్కర్లేదు కదా, అప్పుడు ఆర్ఎస్‌పీ5 అనే ఎంజైము, ఆర్ట్ అనే సహాయక ప్రోటీన్లు ఎవర్ని చూపిస్తే వాళ్ళకి యుబిక్విటిన్ అనే బుల్లి ప్రోటీన్‌ని గుర్తుగా అంటిస్తుంది. గుర్తు పడ్డవి పొర ముక్కతో సహా లోపలికి మడతపడి ఎండోజోమ్ అనే మజిలీ సంచికి చేరతాయి. అక్కడ రెండు దార్లు. గుర్తున్నవాటిని ఎస్కర్ట్ అనే ప్రోటీన్ల గుంపు పట్టుకుని ఎండోజోమ్ లోపలి బుడగల్లోకి నెట్టేస్తుంది, అవి వాక్యూల్‌లో, అంటే కణం అరిగించుకునే సంచిలో, పడి అరిగిపోయి ముడిసరుకుగా మారతాయి. బుడగల్ని పైపొరతో కలిపే ఎస్ఎన్‌సీ1 లాంటి ప్రోటీన్లు మళ్ళీ పనికొస్తాయి కాబట్టి వెనక్కి పైపొరకి వెళ్ళిపోతాయి. ఇంకొక్కటి గుర్తుంచుకోండి, ఈ కదలికకి శక్తి కావాలి, వెచ్చదనం కావాలి. ఐస్ మీద పొర లోపలికి మడతపడదు. మన చేతిలో ఉన్న తాళంచెవి అదే.

ఏమేం కావాలి

ఈస్ట్ స్ట్రెయిన్: డై ఒక్కటే చూడాలంటే ల్యాబుల్లో మామూలుగా వాడే బీవై4741 గాని బీవై4742 గాని ఏదైనా సరే. మప్1 చూడాలంటే మాత్రం 4742, ఎందుకో కింద చెప్తా. కంట్రోల్‌గా వీపీఎస్4 (ఎస్కర్ట్ పనికి కావాల్సిన జీన్) తీసేసిన స్ట్రెయిన్ దొరికితే చాలా మంచిది.

ఎఫ్ఎం 4-64 డై. 100 మైక్రోగ్రాముల చిన్న గొట్టాలుగా వస్తుంది, ఒక గొట్టానికి డైని కరిగించే డీఎంఎస్ఓ ద్రవం 100 మైక్రోలీటర్లు పోస్తే సుమారు 1.6 మిల్లీమోలార్ స్టాక్ అవుతుంది. దాన్ని పదేసి మైక్రోలీటర్లుగా పంచి, రేకు చుట్టి, మైనస్ 20లో పెట్టుకోండి. మొత్తం ఒకే ట్యూబులో ఉంచి పదిసార్లు కరిగించి గడ్డకట్టించొద్దు.

ఈస్ట్ పెంచే మీడియాలు రెండు: వైపీడీ (ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్, పెప్టోన్, గ్లూకోజ్), ఎస్సీ (ఏ అమైనో ఆమ్లం ఉండాలో మనమే ఎంచుకుని కలిపేది). సోడియం అజైడ్, సోడియం ఫ్లోరైడ్. మిథిలీన్ బ్లూ. ఐస్, థర్మామీటర్. రోడమీన్ లేదా టెక్సాస్ రెడ్ ఫిల్టరున్న ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపు, 100 రెట్ల ఆయిల్ లెన్సు. మైక్రోస్కోపు లేనివాళ్ళు నిరాశపడకండి, చివర్లో ప్లేటు పద్ధతి ఉంది, దానికి ఇన్‌క్యుబేటర్ చాలు.

ఆపే ద్రావణం ఇలా చేసుకోండి: 10 మిల్లీలీటర్ల నీటికి సోడియం అజైడ్ 65 మిల్లీగ్రాములు, సోడియం ఫ్లోరైడ్ 42 మిల్లీగ్రాములు. ఇది పది రెట్ల గాఢత, 90 మైక్రోలీటర్ల కణాలకి 10 మైక్రోలీటర్లు వేస్తే ఒక్కోటీ 10 మిల్లీమోలార్ అవుతుంది. ప్లాస్టిక్ ట్యూబులోనే ఉంచండి, ఫ్లోరైడ్ గాజుని తినేస్తుంది. రెండూ ఎందుకంటే అజైడ్ శ్వాసక్రియని ఆపుతుంది, ఫ్లోరైడ్ గ్లూకోజ్ విరిగే దారిని ఆపుతుంది, ఈస్ట్‌కి రెండు దార్లూ ఉన్నాయి కాబట్టి రెండూ మూసెయ్యాలి.

జాగ్రత్త: అజైడ్ చాలా విషం. గ్లవ్స్ లేకుండా తూచొద్దు. ఆసిడ్‌తో కలపొద్దు, బ్లీచ్‌తో కలపొద్దు, సింకులో పోయొద్దు, రాగి సీసం పైపుల్లో అది పేలే పదార్థంగా మారగలదు. విడిగా ఒక సీసా పెట్టి పేరు రాసి అందులోనే పోగెయ్యండి.

బజార్లో దొరికే బేకరీ ఈస్ట్ వాడొచ్చా అని అడుగుతున్నారు. డై ప్రాక్టీసుకి వాడొచ్చు, అదీ అదే జాతి. కాకపోతే ప్యాకెట్ లోంచి తీసి నేరుగా వేస్తే అందులో చచ్చిన కణాలు బోలెడుంటాయి, ముందు ప్లేటు మీద గీసి, ఒక్క కాలనీ తీసి పెంచుకున్నాకే వాడండి.

మొదటి భాగం: డై వేసి పొర దారిని చూడటం

1. ప్లేటు మీంచి ఒక్క కాలనీ తీసి సాయంత్రం 5 మిల్లీలీటర్ల వైపీడీలో వేసి 30 డిగ్రీల్లో షేకర్ మీద పెట్టండి. ఫ్లాస్కు కనీసం 50 మిల్లీలీటర్లది ఉండాలి, గాలి ఆడాలి.

2. పొద్దున్న ఓడీ 600 (కల్చర్ ఎంత చిక్కబడిందో చెప్పే కొలత) చూసి, కొత్త వైపీడీలో 0.15కో 0.2కో పల్చన చేసి మళ్ళీ 3, 4 గంటలు పెంచండి. 0.5 నుంచి 0.8 మధ్య ఉండగా ఆపాలి. రాత్రి పెంచింది పొద్దున్న అలాగే వాడేద్దాం అనుకోకండి, గ్లూకోజ్ అయిపోయిన కణాలు వాటంతటవే పర్మియేజ్‌లని లోపలికి లాగేసుకుంటాయి, మీరు మొదలుపెట్టకముందే ప్రయోగం అయిపోయి ఉంటుంది.

3. ఐస్ సిద్ధం చెయ్యండి. ఇక్కడే చాలామందికి పోతోంది. ఐస్ మెషీన్ లేని చోట్ల పిల్లలు చేపల బజారు నుంచి ఐస్ తెచ్చుకుంటున్నారు, మంచిదే, ట్యూబు మూత బిగించి ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. కాని అది పెద్ద పెద్ద గడ్డలు. ట్యూబు గడ్డ మీద కూర్చుంటుంది, కింద గాలి, పక్కన గాలి, ఐస్ డబ్బాలోనే ఉంది గాని లోపల ద్రవం పది పన్నెండు డిగ్రీల దగ్గరుంటుంది, అంత ఉంటే చాలు డై మెల్లిగా లోపలికి పోవడానికి. ఐస్‌ని గుడ్డలో కట్టి నలగ్గొట్టి, కొంచెం చల్లటి నీళ్ళు పోసి జావలాగా చేసి, ట్యూబు మెడ దాకా అందులో మునిగేలా గుచ్చండి. పక్కన ఇంకో ట్యూబులో ఉత్త నీళ్ళు పోసి థర్మామీటర్ పెట్టి చూడండి, 2 డిగ్రీలు దాటకూడదు. చేపలవాళ్ళు ఉప్పు కలిపిన ఐస్ ఇస్తే వద్దు, సున్నా కిందకి పోతే కణాలు గడ్డకడతాయి. వైపీడీ, ఎస్సీ కూడా ఒక్కో సీసా ముందే ఐస్‌లో పెట్టేయండి.

4. 1 మిల్లీలీటర్ కణాలు తీసి ఒక నిమిషం నెమ్మదిగా స్పిన్ చేసి, పైది తీసేసి, 100 మైక్రోలీటర్ల ఐస్ చల్లని వైపీడీలో కలిపి 10 నిమిషాలు ఐస్‌లో ఉంచండి. ముందు చల్లబడాలి, తర్వాతే డై.

5. 1 మైక్రోలీటర్ డై స్టాక్ వెయ్యండి, అంటే సుమారు 16 మైక్రోమోలార్. వేలితో తట్టి కలపండి. రేకు కప్పి ఐస్‌లోనే 30 నిమిషాలు. చేత్తో పట్టుకుని కబుర్లు చెప్పొద్దు, అర నిమిషం చేతి వేడి చాలు.

6. ఐస్ చల్లని ఎస్సీతో రెండుసార్లు కడగండి. సెంట్రిఫ్యూజ్‌కి కూలింగ్ లేకపోతే రోటర్‌ని అరగంట ముందు ఫ్రిజ్‌లో పెట్టి, స్పిన్ నిమిషంలో ముగించండి. కడగడం మానేస్తే బయట మిగిలిన డై వేడి చేశాక కొత్తగా అంటుకుంటూనే ఉంటుంది, పైపొర ఎప్పటికీ ఖాళీ అవ్వదు.

7. కొంచెం తీసి ఆపే ద్రావణం వేసి ఐస్‌లో దాచండి. ఇదే 0 నిమిషాలు.

8. మిగతాదాన్ని ముందే 30 డిగ్రీలకి వేడి చేసి ఉంచుకున్న 500 మైక్రోలీటర్ల ఎస్సీలో కలిపి షేకర్ మీద పెట్టండి, గడియారం నొక్కండి. 5, 15, 30, 60 నిమిషాలకి 90 మైక్రోలీటర్ల చొప్పున తీసి, 10 మైక్రోలీటర్ల ఆపే ద్రావణం ఉన్న చల్లని ట్యూబులో వెయ్యండి.

9. స్లైడు మీద 3 మైక్రోలీటర్లే వెయ్యండి, ఎక్కువేస్తే కణాలు తేలుతూ తిరుగుతాయి. కాన్‌కానవాలిన్ ఏ ఉంటే కవర్‌స్లిప్‌కి మిల్లీలీటరుకి 1 మిల్లీగ్రాము చొప్పున పూసి ఆరబెట్టి వాడండి, కణాలు అంటుకుని కదలకుండా ఉంటాయి. ఒక్కో స్లైడు 5 నిమిషాల్లో చూసెయ్యండి. అన్నిటికీ ఒకటే ఎక్స్‌పోజర్, ఇది మర్చిపోకండి, సాఫ్ట్‌వేర్ ఆటో ఎక్స్‌పోజర్ తీసేసి పెట్టండి.

ఏం కనబడాలి? 0 నిమిషాలకి నల్లటి నేల మీద చేతి గాజు లాంటి సన్నటి ఎర్ర వలయం. కణం చుట్టూ ఒక్క గాజు, లోపల చీకటి. 5 నిమిషాలకి గాజు ఉంటుంది, లోపల అంచుకి దగ్గరగా చిన్న చిన్న చుక్కలు మొదలవుతాయి. 15 నుంచి 30 మధ్య చుక్కలు లోపలికి జరుగుతాయి, వాటి పక్కన చిన్న గాజు లాంటిది మసకగా తేలుతుంది. 60కి పెద్ద గాజు దాదాపు పోయి లోపల చిన్న గాజు ఒకటో రెండో మూడో స్పష్టంగా ఉంటాయి, అదే వాక్యూల్ పొర. అదే కణాన్ని మామూలు వెలుతుర్లో చూస్తే సరిగ్గా ఆ చోటే ఒక గుంట లాంటిది కనబడుతుంది, రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి సరిపోయిందో లేదో చూడండి.

కంట్రోళ్ళు మూడు, ఏదీ వదలొద్దు. ఒకటి, డై వేసి కడిగి 60 నిమిషాలూ ఐస్‌లోనే ఉంచింది, అది గాజులాగే ఉండాలి. రెండు, వేడి చెయ్యకముందే ఆపే ద్రావణం వేసి తర్వాత 30 డిగ్రీల్లో 60 నిమిషాలు పెట్టింది, ఇందులో వాక్యూల్ చుట్టూ చిన్న గాజు కనబడకూడదు. మూడు, డై లేకుండా డీఎంఎస్ఓ మాత్రమే వేసింది, నల్లగా ఉండాలి.

కణం మొత్తం ఎర్రగా నిండితే

మొదటి ప్రశ్నకి జవాబు. చాలావరకు అది చచ్చిన కణం. బతికున్న కణం డైని పొరలోనే ఉంచుతుంది, చచ్చినదాని పొర చిల్లులు, లోపలున్న ప్రతి పొరకీ డై అంటుకుంటుంది, అందుకే ముద్దలా వెలుగుతుంది, మిగతా వాటికన్నా చాలా ఎక్కువ కాంతితో. ప్రయోగానికి ముందు కొంచెం తీసి 0.01 శాతం మిథిలీన్ బ్లూ వేసి 100 కణాలు లెక్కపెట్టండి, బతికున్నవి రంగు పోగొట్టుకుంటాయి, చచ్చినవి నీలంగా ఉంటాయి. నీలాలు ఎక్కువుంటే ఆ రోజు డై వేస్టు చెయ్యకండి, కొత్త కాలనీతో మొదలుపెట్టండి.

చచ్చినవి కావని తేలితే రెండు కారణాలు చూడండి. స్ట్రెయిన్ ఏడీఈ2 (అడెనైన్ తయారీకి కావాల్సిన జీన్) లోపమున్నదా? డబ్ల్యూ303 లాంటి స్ట్రెయిన్లలో అడెనైన్ తక్కువైతే ఎర్రటి పదార్థం వాక్యూల్‌లో పేరుకుంటుంది, డై వెయ్యకపోయినా అదే వెలుగుతుంది, కాలనీలు గులాబీ రంగులో ఉంటే అదే అనుకోండి, మీడియంలో అడెనైన్ ఎక్కువ వేసి పెంచండి. రెండోది వైపీడీ. వైపీడీకే సొంత వెలుగుంది, అందులోనే ఉంచి ఫొటో తీస్తే వెనకంతా మసక, అందుకే పైన ఎస్సీతో కడగమన్నది.

ఇక ఎండాకాలం సంగతి. ఏప్రిల్, మే నెలల్లో మన వైపు ఏసీ లేని గదిలో టేబుల్ మీద పెట్టిన ట్యూబు 30 దాటిపోతుంది, మధ్యాహ్నం 37, 38 అయితే కణానికి అది వేడి దెబ్బ, ఆ దెబ్బకి పైపొర ప్రోటీన్లు చాలా వాటంతటవే యుబిక్విటిన్ గుర్తు వేయించుకుని లోపలికి వెళ్ళిపోతాయి. ఈ ప్రయోగం తెల్లవారుజామునే మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించేలా చూసుకోండి. సాయంత్రం కాలబైశాఖి (ఎండాకాలపు గాలివాన) గాలికి కరెంటు పోతే షేకర్ ఆగి కణాలు అడుగున కూర్చుంటాయి, అలా అరగంటకి మించి ఆగిపోయిన కల్చర్ వాడొద్దు, పారబోసి మళ్ళీ పెంచండి.

రెండో భాగం: అసలు ప్రోటీన్‌ని చూడటం, మప్1

డై చూపించేది పొర దారి మాత్రమే, ప్రోటీన్ దారి కాదు. ఇది నేను గట్టిగా చెప్పదలుచుకున్నా. డై ఫొటో పెట్టి కింద "పర్మియేజ్ లోపలికి వెళ్ళింది" అని రాసిన రిపోర్టులు చూశాను, అది తప్పు. ప్రోటీన్ గురించి మాట్లాడాలంటే ప్రోటీన్‌కే దీపం పెట్టాలి, అంటే తోకకి జీఎఫ్‌పీ అనే ఆకుపచ్చగా వెలిగే ప్రోటీన్ తగిలించిన మప్1 స్ట్రెయిన్ కావాలి.

స్ట్రెయిన్ ఎంపికలో నేను మూడు వారాలు పోగొట్టుకున్నాను, మీరు పోగొట్టుకోవద్దు. బీవై4741లో ఎంఈటీ15 జీన్ లేదు, దానికి మిథియోనైన్ బయట్నుంచి పెట్టకపోతే పెరగదు. మప్1 పైపొర మీద నిలబడాలంటే మీడియంలో మిథియోనైన్ ఉండకూడదు. రెండూ ఒకేసారి కుదరవు. నేను మిథియోనైన్ తీసేస్తే కణాలు పెరగలేదు, కొంచెం వేస్తే ఆకుపచ్చ గాజు రాలేదు, జీఎఫ్‌పీయే తగలలేదేమో అని మళ్ళీ పీసీఆర్ చేస్తూ కూర్చున్నాను. మా సీనియర్ ఒకావిడ జీనోటైపు (స్ట్రెయిన్‌లో ఏ జీన్లు పాడయ్యాయో చెప్పే జాబితా) చదివి ఒక్క నిమిషంలో చెప్పింది. బీవై4742లో ఎంఈటీ15 ఉంది, ఎస్ఈవై6210 కూడా పనికొస్తుంది. ఏ స్ట్రెయిన్ చేతికొచ్చినా ముందు జీనోటైపు కాగితం మీద రాసుకుని ఒక్కో గుర్తూ చదవండి.

1. మిథియోనైన్ లేని ఎస్సీలో రాత్రంతా పెంచి, పొద్దున్న అదే మీడియంలో పల్చన చేసి, ఓడీ 0.5 దాకా తెండి. వైపీడీ నుంచి తీసి కడిగేస్తే చాలదు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌లో మిథియోనైన్ ఉంటుంది, ఆ కణాల పైపొర మీద మప్1 నిలబడి ఉండదు.

2. 0 నిమిషాల శాంపిల్ తీసి చూసెయ్యండి. ఆకుపచ్చ గాజు ఉండాలి, అక్కడక్కడ ఒత్తుగా పలచగా ఉన్నా పర్వాలేదు. గాజు లేకపోతే ముందుకెళ్ళొద్దు.

3. మిథియోనైన్ వెయ్యండి, మిల్లీలీటరుకి 20 మైక్రోగ్రాములు. స్టాక్ మిల్లీలీటరుకి 10 మిల్లీగ్రాములైతే మిల్లీలీటర్ కల్చర్‌కి 2 మైక్రోలీటర్లు. పక్కన ఇంకో ఫ్లాస్కులో ఉత్త నీళ్ళు 2 మైక్రోలీటర్లు వేసి కంట్రోల్ నడపండి.

4. 15, 30, 60, 90 నిమిషాలకి తీసి చూడండి. 15, 30లో చుక్కలు. 60, 90లో ఆకుపచ్చ వాక్యూల్ లోపల నిండిపోవాలి, అంచు మీద కాదు, లోపల. ఎఫ్ఎం 4-64తో వాక్యూల్ పొరకి ముందే రంగు వేసి ఉంచితే ఎర్ర గట్టు మధ్య ఆకుపచ్చ చెరువులా కనబడుతుంది, మొదటిసారి చూసినప్పుడు నేను చాలాసేపు ఐపీస్ వదల్లేదు.

ఆ లోపలా అంచా అనేదే అసలు పాయింటు. ఎస్కర్ట్ పని చేసి బుడగల్లోకి నెడితేనే ప్రోటీన్ వాక్యూల్ లోపలికి పడుతుంది. వీపీఎస్4 లేని స్ట్రెయిన్‌లో ఆ పని ఆగిపోతుంది, అప్పుడు ఆకుపచ్చ అంచు మీద మసగ్గా, వాక్యూల్ పక్కన ఒకటో రెండో పెద్ద చుక్కలుగా ఆగిపోతుంది. ఈ రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే ఇంకెవరికీ వివరించక్కర్లేదు.

మప్1 అరిగిపోయినా ఆకుపచ్చ ఎందుకు మిగిలింది అని అడుగుతారు వైవాలో. జీఎఫ్‌పీ గట్టి డబ్బా లాంటి ప్రోటీన్, వాక్యూల్ ఎంజైములు మప్1ని తినేసినా దాన్ని తొందరగా తినలేవు. ఇదే వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రోటీన్లని జెల్ మీద సైజు ప్రకారం విడదీసి గుర్తుపట్టే పద్ధతి) కూడా వాడుకోవచ్చు, మొదట్లో పైన మొత్తం ప్రోటీన్ బ్యాండ్, పోను పోను కింద 27 కిలోడాల్టన్ల దగ్గర విడి జీఎఫ్‌పీ బ్యాండ్ పెరుగుతుంది. పెప్4 అనే జీన్ లేని స్ట్రెయిన్‌లో వాక్యూల్ ఎంజైములు పనిచెయ్యవు కాబట్టి ఆ కింది బ్యాండ్ రాదు, మంచి కంట్రోల్ అది. ఒక్క హెచ్చరిక, శాంపిల్‌ని 95 డిగ్రీల్లో ఉడకబెట్టొద్దు. పొర ప్రోటీన్లు ఉడికితే ముద్దకట్టి జెల్ పైనే ఇరుక్కుపోతాయి, 37, 42 డిగ్రీల మధ్య పది పదిహేను నిమిషాలు చాలు.

వెనక్కి వెళ్ళేవి

ఎస్ఎన్‌సీ1 గురించి తక్కువే చెప్తా, ఎందుకంటే ఇది చూడటం తేలిక, అర్థం చెప్పడం కష్టం. జీఎఫ్‌పీ ముందు వైపు తగిలించి ఉండాలి. మామూలు కణంలో మొగ్గ (తల్లి కణం మీంచి మొలిచే పిల్ల కణం) అంచు బాగా వెలుగుతుంది, లోపల కొన్ని చుక్కలు. అది అక్కడే కదలకుండా ఉందనుకోకండి, ఎప్పుడూ లోపలికి వస్తూ మళ్ళీ పైకి పోతూనే ఉంటుంది, ఒక్క ఫొటోలో ఆ తిరుగుడు కనబడదు. దారి కట్ చేస్తేనే తెలుస్తుంది. ఆర్‌సీవై1 అనే జీన్ తీసేసిన స్ట్రెయిన్‌లో వెనక్కి పోయే దారి మూసుకుపోయి పైపొర వెలవెలబోతుంది, లోపల చుక్కలు పెరుగుతాయి. లోపలికి వచ్చే దారి మూసేస్తే దానికి ఎదురు, తల్లి కణం మొగ్గ తేడా లేకుండా చుట్టూ సమానంగా పరుచుకుంటుంది. మూడూ పక్కపక్కన పెట్టకుండా "రీసైక్లింగ్ చూశాం" అని రాయకండి.

మైక్రోస్కోపు లేనివాళ్ళకి ప్లేటు పద్ధతి

కెనవనైన్ అనేది అర్జినైన్‌లా వేషం వేసుకున్న విషం. క్యాన్1 దాన్ని అర్జినైన్ అనుకుని లోపలికి తెచ్చుకుంటుంది, కణం చస్తుంది. పైపొర మీద క్యాన్1 ఎంత ఎక్కువుంటే అంత తొందరగా చస్తుంది. ఆర్ట్1 లేని కణాలు క్యాన్1ని సరిగ్గా లోపలికి తీసుకోలేవు, అది పైపొర మీదే ఉండిపోతుంది, కాబట్టి చాలా తక్కువ కెనవనైన్‌కే చస్తాయి. ఆర్ట్ ప్రోటీన్ల పాత్ర 2008లో బయటపడింది ఈ కెనవనైన్ ప్లేట్ల మీంచే, కాబట్టి ఇదేదో చిన్నతరహా పద్ధతని అనుకోకండి.

అర్జినైన్ లేని ఎస్సీ అగర్ ప్లేట్లు పొయ్యండి, కెనవనైన్ మిల్లీలీటరుకి 0, 1, 2, 4 మైక్రోగ్రాములు. అగర్ చేతికి పట్టేంత చల్లారాకే కెనవనైన్ కలపండి. మామూలు స్ట్రెయిన్, ఆర్ట్1 లేనిది, క్యాన్1 లేనిది మూడూ ఓడీ 1కి సమానం చేసి, పదేసి రెట్లు ఐదుసార్లు పల్చన చేసి, 4 మైక్రోలీటర్ల చుక్కలు పెట్టండి. 30 డిగ్రీల్లో 3 రోజులు. 0 ప్లేటులో మూడూ ఒకేలా పెరగాలి, అలా పెరగకపోతే మిగతా ప్లేట్లకి అర్థం లేదు. కెనవనైన్ ప్లేట్లలో క్యాన్1 లేనిది హాయిగా, మామూలుది మధ్యలో, ఆర్ట్1 లేనిది అందరికన్నా ముందు ఆగిపోవాలి.

ఇక్కడ జరిగే తప్పులు రెండే. డబ్ల్యూ303 వాడటం, దాంట్లో క్యాన్1 ముందే పాడై ఉంది, ఎంత విషమేసినా పెరుగుతుంది. ఇంకోటి, అన్ని అమైనో ఆమ్లాలూ కలిసిన రెడీమేడ్ పొడి వాడటం, అందులో అర్జినైన్ ఉంటుంది, అది కెనవనైన్‌ని తోసేసి లోపలికి పోతుంది. పొడి డబ్బా మీద ఏమేం ఉన్నాయో చదివి వాడండి. ఎన్ని రోజులకీ పెరగని చోట ఒకటో రెండో పెద్ద కాలనీలు లేస్తే అవి క్యాన్1 పాడైపోయిన మ్యూటెంట్లు, వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

ఫలితం నిజమేనా అని ఎలా తేల్చుకోవాలి

అందంగా వచ్చిన ఒక్క కణం చూపించకండి. ఒక్కో సమయానికి 100 కణాలు లెక్కపెట్టండి, మూడు గడులు గీసుకోండి: గాజు మాత్రమే, చుక్కలు, వాక్యూల్. చచ్చినవి నాలుగో గడి, వాటిని విడిగా రాయండి, దాచొద్దు. ట్యూబుల మీద సమయాలు కనబడకుండా ఎవరైనా స్నేహితురాలి చేత అ, ఆ, ఇ, ఈ అని పేర్లు మార్పించి లెక్కపెట్టండి, 60 నిమిషాలదని తెలిసి చూస్తే కన్ను వాక్యూల్‌నే వెతుకుతుంది. మూడు వేరు వేరు రోజులు, మూడు వేరు వేరు కాలనీలతో చెయ్యండి. ఒకే ఫ్లాస్కులోంచి మూడు ట్యూబులు తీస్తే అది మూడుసార్లు చేసినట్టు కాదు.

స్ట్రెయిన్లు 15 నుంచి 25 శాతం గ్లిసరాల్‌లో మైనస్ 80లో దాచండి, ఒక సెట్టు వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళ దగ్గర కూడా పెట్టండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మా పర్లాకిమిడి వీధిలో చాలా రోజులు కరెంటు లేదు, అలాంటప్పుడు ఏ ఫ్రీజరూ నిలవదు.

మళ్ళీ నన్ను అడిగేటప్పుడు ఒక్క 60 నిమిషాల ఫొటో పంపకండి. 0 నిమిషాలది, గంటసేపు ఐస్‌లో ఉంచినది, ఆపే ద్రావణం వేసింది, ఈ మూడూ ఒకే ఎక్స్‌పోజర్‌లో తీసినవి పంపండి, స్ట్రెయిన్ జీనోటైపు మొత్తం రాయండి, ఆ రోజు కణాలు తీసినప్పుడు ఓడీ ఎంతో రాయండి, ఐస్ జావ ఎన్ని డిగ్రీలుందో రాయండి.